పూజలో ఉన్న క్లాంపు

1958 అక్టోబరు 18

టైరు కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఈ డైరీలో సగానికి పైగా ఖాళీయే. జనవరిలో పౌరుషంగా మొదలుపెట్టి ఉగాదికల్లా ఆపేశాను. ఇప్పుడు మళ్ళీ రాయబుద్ధి పుట్టింది. కారణం ఏమీ లేదు, నా మాటలు వినే ఓపిక ఓబులమ్మకు అయిపోయింది. బస్సు బరువు మోసే కమాను కట్టల గురించి పెళ్ళాం దగ్గర మాట్లాడే మగవాడు మడకశిర మొత్తానికి నేనొక్కణ్ణేనట.

వాన లేదు. వేరుశనగ చెట్టు పీకితే ఊడలకు మట్టి తప్ప కాయ లేదు. ఊళ్ళకు ఊళ్ళు బెంగళూరు దారి పట్టాయి. ముప్పై మంది ఎక్కవలసిన బస్సులో అరవై మంది, పైన మూటలు, మూటల మీద మళ్ళీ మనుషులు. ఈ నెలలో కమాను విరగడం ఇది నాలుగోసారి. మా బస్సుల యజమాని తిమ్మప్ప గారిది ఒకటే మాట: కట్టలో ఇంకొక ఉక్కు పట్టీ ఎక్కించండి. ఆయన దృష్టిలో కట్టకు పట్టీ ఎక్కించడం ఆడపిల్లకు ఇంకో జత గాజులు తొడిగినట్టే. పట్టీ పెరిగేకొద్దీ కట్టలో బిగువు పెరుగుతుందనీ, నడిమి బోల్టు ఊడదీసేటప్పుడు ఆ బిగువంతా ఒక్కసారి పైకి లేస్తుందనీ ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

అందుకే నా మరమ్మతు షెడ్డులో ఒక శాసనం ఉంది. క్లాంపుతో కట్టను బిగించనిదే నడిమి బోల్టు మీద స్పానరు పెట్టకూడదు. బోల్టు తీశాక క్లాంపు మరను చుట్టు చుట్టుగా వదలాలి. కట్ట మీదికి వంగకూడదు, పక్కన కూర్చోవాలి. నేను మేస్త్రీనయ్యాక ఈ తొమ్మిదేళ్ళలో నా చేతి కింద ఒక్కడికి గోరు కూడా చిట్లలేదు.

నా కింద ఇద్దరు. కుళ్ళాయప్ప మా వీధివాడే. మాట ఎక్కువ, పని తక్కువ. యేసన్నది ఊరి బయట చర్చి పేట. వాడికి మాటే తక్కువ. ఇనుము మాత్రం వాడి మాట వింటుంది.

అక్టోబరు 21, ఆయుధ పూజ

యేసన్నకు దెబ్బ తగిలింది. హిందూపురం ఆసుపత్రిలో చేర్చి వచ్చాను. ప్రాణానికి భయం లేదన్నారు. రేపు రాస్తాను.

అక్టోబరు 22

రేపు రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

నిన్న పొద్దున్నే పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తూర్పు గోడ వారన తెల్ల పంచె పరిచి వరసగా పేర్చాను. పసుపు, కుంకుమ, పూలు, టెంకాయ, దిష్టికి బూడిద గుమ్మడికాయ, అన్నీ జరిగాయి. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు హారతి ఇచ్చేదాకా కదిలించకూడదు. మా నాయన కొలిమి దగ్గర కూడా ఇదే పద్ధతి.

పది గంటలకు రొళ్ళ ఊరి బస్సు ఒక పక్కకు ఒరిగి కుంటుకుంటూ వచ్చింది. వెనక కమానులో రెండు పట్టీలు విరిగాయి. దసరా రద్దీ, మర్నాడు పొద్దున బస్సు బెంగళూరు పోయి తీరాలన్నారు తిమ్మప్ప గారు. నాకూ కుళ్ళాయప్పకూ పండగ. యేసన్నకు ఈ పండగ లేదు. పూజలో పెట్టని పాత స్పానర్లు నాలుగుంటే వాడికి ఇచ్చి, నువ్వు చూడప్పా అన్నాను. బస్సును ఎత్తి దిమ్మెల మీద నిలబెట్టాము. కట్ట దించాము. క్లాంపు పూజలో ఉంది గనుక ఎద్దుల పగ్గంతో కట్టను బిగించి కట్టి బోల్టు తియ్యమన్నాను. అదీ ఒక పద్ధతే. క్లాంపులు రాకముందు అందరూ అలాగే చేసేవాళ్ళు.

నేను భోజనానికి ఇంటికి వెళ్ళాను. పండగకు చేసిన పూర్ణం ఓళిగ రెండో తుంట తింటుండగా కుళ్ళాయప్ప పరుగెత్తుకొచ్చాడు. పగ్గం తెగి పట్టీలు లేచాయి. పై పట్టీ యేసన్న కుడి మణికట్టు మీద కొట్టింది. నేను వెళ్ళి చూసేసరికి చెయ్యి అక్కడ వేలాడుతున్నట్టుంది. వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఎడమ చేత్తో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడు తొందరపడ్డాడేమో.

పూజలో ఉన్నదాన్ని కదిలించకూడదు. ఎవరైనా సరే కదిలించకూడదు. ఇందులో నా తప్పేముంది?

అక్టోబరు 24

తిమ్మప్ప గారు పిలిపించారు. గుమస్తా కాగితం, కలం సిద్ధంగా పెట్టుకున్నాడు.

క్లాంపు షెడ్డులో ఉండిందా లేదా అని అడిగారు. ఉండిందన్నాను. క్లాంపు లేకుండా బోల్టు ఇప్పకూడదని వానికి చెప్పినావా లేదా అన్నారు. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నానన్నాను. వాడు క్లాంపు లేకుండా ఇప్పినాడా లేదా అన్నారు. ఇప్పినాడన్నాను. మూడు మాటలూ నిజమే. గుమస్తా రాసి చదివాడు: మేస్త్రీ చెప్పిన మాట లెక్కచేయక, క్లాంపు ఉండి కూడా వాడక, యేసన్న తన అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలించుకున్నాడు. మూడు నిజాలు కలిపితే ఒక అబద్ధం ఎలా అయిందో నాకు తెలియదు.

ఈ కాగితం ఉంటే యేసన్న చెయ్యి బాగైనా పనిలోకి తీసుకోనక్కరలేదట. చెప్పిన మాట వినని పనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? వాడికి సెంటు భూమి లేదు. ఈ కరువులో వేరే షెడ్డు లేదు. అవన్నీ తెలిసే, వెంకటరాముడు అని గుండ్రంగా సంతకం చేశాను. నా దస్తూరీ బాగుంటుందని గుమస్తా మెచ్చుకున్నాడు.

అక్టోబరు 25

వాన లేదు. రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 28

మధ్యాహ్నం యేసన్న భార్య చిన్నక్క షెడ్డుకు వచ్చింది. దూరంగా ఆమె చీర కనబడగానే నేను పావగడ బస్సు కిందికి దూరి పడుకున్నాను. ఆ బస్సుకు కింద ఏ జబ్బూ లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే దూరాను.

ఆమె అడిగింది మొగుడి అన్నం డబ్బా, చొక్కా. కుళ్ళాయప్ప తెచ్చి ఇచ్చాడు. ఎముక అతుక్కోవడానికి రెండు నెలలు పడుతుందట, అంతదాకా పని వేరేవాళ్ళకు ఇవ్వొద్దని మేస్త్రీకి చెప్పమని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు బస్సు పక్కనే నిలబడింది. ఆమె కాళ్ళు నాకు జానెడు దూరంలో ఉన్నాయి. నేను ఊరికే ఒక నట్టు తిప్పుతూ ఉన్నాను. బిగిసి ఉన్న నట్టది.

అక్టోబరు 29

పూజలో ఉన్నదాన్ని ఎవరైనా సరే కదిలించకూడదు. ఇది ఇంతకుముందే రాశాను.

నవంబరు 2

ఓబులమ్మ పొద్దున సంకటి ముద్ద కంచంలో వేస్తూ, యేసన్నను చూడడానికి ఇంకా పోలేదేమని అడిగింది. ఆసుపత్రిలో ఉన్నాడన్నాను. ఇంటికొచ్చి నాలుగు రోజులైందట. ఊరందరికీ తెలిసింది నాకు మాత్రం తెలియలేదు. తెలియకపోవడమేమిటి, తెలుసు.

ఆదివారం గనుక చర్చి అయిపోయేదాకా ఆగి వెళ్ళాను. యేసన్న చూరు నీడన కూర్చున్నాడు. మోచేతి నుంచి వేళ్ళ దాకా పిండికట్టు. బయటికి కనబడే వేళ్ళు వాచి ఉన్నాయి. బొటనవేలు కదలడం లేదట. చిన్నక్క చాప వేసి చెంబుతో నీళ్ళు తెచ్చింది. దాహం లేదన్నాను. మైలున్నర ఎండలో నడిచి వెళ్ళినవాడికి దాహం లేదట. ఆమె చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

కరువు గురించీ బస్సుల గురించీ కాసేపు మాట్లాడాను. యేసన్న ఊకొట్టాడు. కాగితం సంగతి వాడికి తెలిసిపోయింది. గుమస్తా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా వాడు దాన్ని ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి నాకే ఉండబట్టక, పూజ నియమం అట్లాంటిది, అది ఎవరికైనా ఒకటే కదా యేసన్నా అన్నాను.

వాడు వేళ్ళ వంక చూసుకుంటూ అన్నాడు: "ఆ పొద్దు జాకీ లేచినాది గదా మేస్త్రీ."

నేను అర్థం కానట్టు ముఖం పెట్టాను.

"బస్సు ఎత్తేకి జాకీ కావల్లని కుళ్ళాయప్పన్న అడిగినాడు. నువ్వే టెంకాయ కొట్టి, తప్పయిపాయ తల్లీ అని, పూజలోనుంచి తీసి ఇస్తివి. నేను ఆడనే ఉంటి."

కోపంగా అనలేదు. వాన రాలేదని చెప్పినట్టు చెప్పాడు. నేను లేచి వచ్చేశాను. నీళ్ళ చెంబు నిండుగానే ఉంది.

నవంబరు 3

పని ఎగ్గొట్టి కూర్చుని రాస్తున్నాను. బస్సును ఎత్తి దిమ్మెల మీద నిలబెట్టామని ఆ రోజు రాశాను. దేంతో ఎత్తామో రాయలేదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. మరి ఎవరి దగ్గర దాచానో నాకే తెలియాలి.

జరిగింది ఇది.

కుళ్ళాయప్ప జాకీ అడిగాడు. కాసేపు గొణిగాను. తర్వాత టెంకాయ కొట్టి, అమ్మవారికి చెప్పుకుని, బొట్టు చెరగకుండా తీసి వాడి చేతికిచ్చాను. బస్సు లేచింది, దిమ్మెలు పెట్టాము. జాకీని తుడిచి మళ్ళీ పంచె మీద పెట్టాను. అమ్మవారు ఏమీ అనలేదు.

కట్ట దించాక యేసన్న నా దగ్గరికి వచ్చాడు. "క్లాంపు గూడ కావల్ల మేస్త్రీ. పదకొండు పట్టీలు ఉండాయి. పగ్గం ఆగదు" అన్నాడు. అని, పంచె వైపు ఒక అడుగు వేశాడు. నేను అడ్డం నిలబడ్డాను. "నువ్వు ముట్టుకోవద్దప్పా" అన్నాను. వాడు అక్కడే ఆగిపోయాడు.

నేనే తీసి ఇవ్వవచ్చు. అదీ తోచింది. తోచినా, కుంకుమ బొట్టుతో ఉన్న ఆ క్లాంపు వాడి చేతుల్లో పడి, పనయ్యాక మళ్ళీ పూజలోకి రావడం నాకు ఇష్టం లేకపోయింది. కుళ్ళాయప్ప చేతిలోనుంచి జాకీ వెనక్కి వచ్చినప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఏడాది పొడుగునా ఆ క్లాంపుకు నూనె పోసేది, మర తుడిచేది యేసన్నే. అన్ని రోజులూ వాడి చెయ్యి ఇనుముకు పనికొచ్చింది, ఆ ఒక్క రోజు పనికి రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఆ రోజు పూజారిని నేనే.

వాడు తొందరపడలేదు. పగ్గం రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాడు. ముడి ఒకసారి చూడు మేస్త్రీ అని అడిగాడు కూడా. ఓళిగలు చల్లారిపోతాయి, తిని వచ్చి చూస్తానన్నాను. నువ్వు వచ్చేదాకా ఆగుతానని వాడు అనలేదు, నేను ఆగమనీ అనలేదు. సాయంత్రానికి బస్సు సిద్ధం కావాలి కదా.

అది యేసన్న చెయ్యి గనుకనే ఇవ్వలేదు. ఈ ముక్క రాయడానికి పద్నాలుగు రోజులు పట్టింది. సిగ్గుగా ఉంది.

నవంబరు 5

తిమ్మప్ప గారి దగ్గరికి వెళ్ళాను. వాకిట్లోకి అడుగు పెట్టేదాకా అంతా చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిస్తే సగమే వచ్చింది. క్లాంపు పూజలో ఉండింది, యేసన్న అడిగాడు, పూజ చెడుతుందని నేనే ఇవ్వలేదు, కాగితం మార్చండి అన్నాను.

తిడతారనుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించి గోడ మీద పటానికి దండం పెట్టారు. దేవుని పనిలో జరిగిన దానికి మనిషిని తప్పు పట్టకూడదన్నారు. ఇంత నిష్ఠ ఉన్న మేస్త్రీ ఈ చుట్టుపక్కల లేడన్నారు. కాగితం మాట మళ్ళీ ఎత్తితే, అది అట్లా ఉండనీ, దాని వల్ల నీకు నష్టమేముందన్నారు. ఇంట్లోవాళ్ళు మజ్జిగ ఇచ్చారు. తాగి వచ్చాను.

నవంబరు 6

కుళ్ళాయప్ప టీ అంగట్లో నా భక్తి గురించి చెబుతున్నాడు. జాకీ ఊసు లేదు. ఒక కండక్టరు నాకు నమస్కారం పెట్టాడు.

నవంబరు 7

ఇంకో ఇద్దరు పెట్టారు.

ఓబులమ్మకు అంతా చెప్పాను. జాకీ సంగతి, ముట్టుకోవద్దన్న సంగతి, మజ్జిగ సంగతి. కమానుల గురించి విననిది ఇవాళ పొయ్యి ఆర్పి మరీ విన్నది. చివరికి ఒకటే అంది: "ఆయప్ప చెయ్యి పాయ, నీకు దండాలు వచ్చె. బాగుండాది బేరం." తర్వాత నాతో మాట్లాడలేదు.

నవంబరు 8

ఇవాళ శనివారం. డ్రైవర్లు, కండక్టర్లు అందరూ తిమ్మప్ప గారి అరుగు దగ్గర చేరే రోజు. గుంపు ఉన్నప్పుడే వెళ్ళాను. ఒంటరిగా వెళితే మళ్ళీ మజ్జిగ తాగి వస్తానని నాకు తెలుసు.

అందరి ముందూ చెప్పాను. పూజలోనుంచి జాకీ తీసి కుళ్ళాయప్పకు ఇచ్చినవాణ్ణి నేనే, క్లాంపు యేసన్నకు ఇవ్వనివాణ్ణీ నేనే, నిష్ఠ గిష్ఠ ఏమీ లేదు, ఎవరి చెయ్యో చూసి ఇవ్వలేదు అన్నాను. కుళ్ళాయప్ప చెప్పు కొసతో నేల గీస్తూ నిలబడ్డాడు. జాకీ సంగతి నిజమేనా అని ఒక డ్రైవరు వాణ్ణి అడిగితే తల ఊపాడు. అంతవరకైనా మంచివాడే.

తిమ్మప్ప గారు గుమస్తా వైపు చూశారు. తర్వాత, "అట్లయితే కాగితం అబద్ధమా?" అన్నారు.

"అబద్ధమే సామీ. దానికి సంతకం చేసినోన్ని తియ్యి. వాన్ని తియ్యద్దు."

ఇది నలుగురిలో చెప్పుకునే మాటేనా అని ఆయన గట్టిగా కసిరారు. ఆయన కోపం నేను చేసిన దానికి కాదు, చెప్పినందుకు. నలుగురూ విన్నారు గనుక ఇక దాచడానికి లేదు. గుమస్తా చేత పాత కాగితం చింపించి కొత్తది రాయించారు. ఈసారి అక్షరాలు చదివి సంతకం చేశాను. దస్తూరీ అంత బాగా రాలేదు.

నవంబరు 12

తీర్పు వచ్చింది. చెయ్యి కుదురుకోగానే యేసన్న పనిలోకి రావచ్చు. నేను ఇక మేస్త్రీని కాదు. పూర్తిగా తీసేద్దామనుకున్నారట గానీ కమాను పని తెలిసినవాడు వేరే లేడు. మేస్త్రీ కుళ్ళాయప్ప. వాడికి పట్టీలు లెక్కపెట్టడం కూడా సరిగా రాదు. ఇంటికొచ్చి చెబితే ఓబులమ్మ ఇన్ని రోజులకు నాతో మాట్లాడింది. కుళ్ళాయప్పను మేస్త్రీ అని పిలవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో, లేకుంటే నాలిక తిరగదని ఆటపట్టించింది.

బాధగా ఉంది. లేదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. అయినా చిన్నక్క వచ్చినా బస్సు కింద దూరే పని లేదిప్పుడు.

డిసెంబరు 15

యేసన్న పనిలోకి వచ్చాడు. పిండికట్టు విప్పారు. మణికట్టు మడత పడదు, పిడికిలి సగమే మూసుకుంటుంది. స్పానరు ఎడమ చేత్తో పట్టుకోవడం ఇంట్లో అలవాటు చేసుకున్నాడట. చిన్నక్క మంచం కోళ్ళ మీద స్పానరు పెట్టించి రోజూ తిప్పించిందట. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

పదకొండు గంటలకు హిందూపురం బస్సు కమాను విరగ్గొట్టుకుని వచ్చింది. మేస్త్రీ కుళ్ళాయప్ప కేకలు వేశాడు, కట్ట దించింది మేమిద్దరం. క్లాంపు నా వెనక గోడకు తగిలించి ఉంది. ఈ క్షణం కోసమే నేను రెండు నెలలుగా ఎదురు చూస్తున్నానని అప్పుడు తెలిసింది. లేచి, దాన్ని దించి, గుడ్డతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని యేసన్న ముందు చాపాను. నా కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఎంత మంచివాణ్ణయ్యానో చూడమన్నట్టు నిలబడ్డాను.

యేసన్న చెయ్యి చాపలేదు.

"యాడ ఉండెనో ఆడనే పెట్టన్నా" అన్నాడు. మేస్త్రీ అనలేదు, అన్నా అన్నాడు. "ఒకరు ఇచ్చేది, నేను అడిగేది ఇంక వద్దు. నాకు కావల్సినప్పుడు నేనే తీసుకుంటా."

నేను క్లాంపును మళ్ళీ గోడకు తగిలించాను. వాడు లేచి వచ్చాడు. నేను పక్కకు జరిగాను. ఎడమ చేత్తో దాన్ని దించుకుని కట్ట దగ్గరికి తీసుకుపోయాడు.